నైటౌటు

పెన్న ఎండినప్పుడే మా ఊరికి మైదానం దొరుకుతుంది.
ఈ ఫిబ్రవరిలో ఇసుక మీద సున్నం గీతలు గీసి
రెండు రోజులు మోటార్ సైకిళ్ల పందెం పెట్టినారు,
జమ్మలమడుగు బ్రిడ్జికి దిగువన.

టికెట్టు వెనక రెండు గళ్లు అచ్చేసినారు,
ఒకదాంట్లో టిక్కు పెట్టాల.
గుడారం: మనిషికి నాలుగొందలు, చాప వాళ్లదే.
లాడ్జి: రూముకు పన్నెండొందలు, ఏసీ.

పెన్ను మూత తీసి గుడారం వైపే వంగినా.
ఫోన్లో చూసినా కదా,
నిప్పు చుట్టూ కుర్రోళ్లు, పక్కనే బండ్లు, పైన చుక్కలు,
పొద్దున జిప్పు తీస్తే ఎదురుగా ట్రాకు.

మా స్పేర్ పార్ట్స్ షాపుకు సాయంత్రాలు వచ్చి
స్టూలు మీద కూర్చునే ఖాసింపీరా
చేతిలో పెన్ను లాగేసుకున్నాడు.

"అబ్బీ, ఆర్టీసీ బ్రేక్‌డౌన్ వ్యాన్లో ముప్పై రెండేండ్లు.
నైటౌటంటే యాడ పండుకున్న్యానో చెప్పాల్నా?
గువ్వలచెరువు ఘాట్లో బస్సు కింద,
పోరుమామిళ్లలో బస్సు మీద,
రాయచోటిలో పాత టైర్ల నడుమ,
బద్వేల్లో వానొస్తే టికెట్ల కౌంటరు బల్ల కింద.
నేలకు నేను అరవై ఏండ్ల నుంచి తెలుసు.
దాన్ని పలకరించేదానికి ఇప్పుడు దుడ్డు కట్టాల్నా?
నాకు తెల్ల దుప్పటి కావాల.
ఉతికింది."

బస్సు ఫిట్ అని రాసిచ్చే చేత్తోనే
లాడ్జి గడిలో టిక్కు కొట్టినాడు.

రెండో అంతస్తు. రిమోటుకు ఇంకా ప్లాస్టిక్ కవరు.
ఆయన మంచం మీద కూర్చున్నాడు, లేచినాడు,
బాత్రూములోకి పోయి కాళ్లు కడిగినాడు,
వచ్చి చూసుకుని మళ్లీ కడిగినాడు.
ఆయన రిటైరైనాడు గానీ
గోళ్లలో గ్రీజు ఇంకా డ్యూటీలోనే ఉంది.
చేతులు దుప్పటికి తగలకుండా
రొమ్ము మీద పెట్టుకుని పండుకున్నాడు.

నేను కిటికీ దగ్గర మూతి ముడుచుకుని నిలబడినా.
నదిలో ఎర్ర గుడారాలు,
లోపల టార్చి వేస్తే ఒక్కొక్కటీ పండిన టమాటా.
ఎవరో నవ్వుతున్నారు. ఏం నవ్వో అర్థం కాలేదు.

రాత్రి రెండుకు మెలకువొస్తే
పక్క మంచం ఖాళీ.
దుప్పటి ఇచ్చినప్పటి మడతల్లోనే ఉంది.

మెట్లెక్కి మిద్దె మీదికి పోయినా.
నీళ్ల ట్యాంకు పక్కన, కడప బండల మీద,
తువ్వాలు తలకింద పెట్టుకుని ఖాసింపీరా.
పగలంతా తాగిన ఎండను బండ ఇంకా వదలలేదు.

"ఏసీ చప్పుడులో ఏమీ వినపడలే" అన్నాడు.
"కూర్చో. మాట్లాడాకు."

నది వైపు నుంచి ఇంజన్లు.
ఒకటి లేస్తాది, ఆగుతాది, ఇంకొకటి లేస్తాది.
"మూడోది విన్న్యావా? ట్యాపెట్టు వదులు.
పిల్లోడు కార్బురేటరు ఊడదీసి కూర్చోనుంటాడు,
పాపం, దానిదేం తప్పు లేదు."

"గుడారంలో ఉంటే పోయి చెప్తాంటిమి గదా?"

"గుడారంలో ఉంటే నాకూ తెలిసేది కాదు అబ్బీ.
దగ్గరుంటే శబ్దమే. ఈడికొస్తేనే జబ్బు తెలుస్తాది."

కిందికి పోయి ఒక దుప్పటి తెచ్చినా.
"తెల్లది! మాసిపోతాది!" అని కసిరి
దాన్ని చక్కగా మడిచి నా చేతికే ఇచ్చినాడు.
నేనూ బండ మీదనే ఒరిగినా.
వీపుకు వెచ్చగా ఉండింది. నడుము మాత్రం పట్టేసింది.

పొద్దున ఉగ్గాని, రెండేసి బజ్జీలు తిని ట్రాకుకు పోతిమి.
తొమ్మిదిన్నరకు జెండా ఊపబోతుంటే
పక్కకు చూస్తే మనిషి లేడు.
ఫోన్ చేస్తే నిద్ర గొంతు:

"రూములో ఉన్న్యా. చెకౌట్ పన్నెండుకంట.
పన్నెండొందలు పోనిస్తానా?
దుప్పటి... భలే చల్లగుంది అబ్బీ."

ఇసుక లేచి నోట్లో పడింది.
బండ్లు ఒక్క పెట్టున నా ముందు నుంచి పోయినాయి.
నాకు శబ్దం తప్ప ఏమీ వినపడలేదు.

రెండో మలుపులో ఒక బండి దగ్గి, ఆగింది.
పిల్లోడు దిగి, హెల్మెట్ తీసి,
కార్బురేటరును తిడుతున్నాడు.